శ్రీకృష్ణదేవరాయలు - నాగలాపుర రాజవీథి



ఆంధ్రభోజుడని కీర్తిగాంచిన శ్రీకృష్ణదేవరాయల విజయములను, భువనవిజయ సభను ఎఱుగని తెలుగువాడుండడు. ఆయన తీర్చిన రాజవీథినిగూర్చి యెఱిగినవారు మాత్రము కొలదిమందియే. వర్తకము వృత్తిగా గల మన సమాజమువారు ఈ వృత్తాంతమును తప్పక తెలిసికొనవలయునని తలచి, ఆ మహారాజు చరిత్రమును ఈ వార్షిక సంచికయందు సంగ్రహముగా నివేదించుచున్నాము.

రాయలు తుళువ నరసనాయకునకును నాగలాంబకును జనించెను. అన్నయగు వీరనరసింహరాయల యనంతరము 1509వ సంవత్సరమున రాజ్యమునకు వచ్చి, తిమ్మరుసు మంత్రి తోడ్పాటున 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని గైకొనెను. పిమ్మట గోదావరిని దాటి సింహాచలము వఱకు సాగి, 1516లో అచ్చటి నృసింహస్వామికి కానుకలర్పించెను. కావున మన గోదావరీమండలమునకును ఆయన దూరపువాడు కాడు.

ఉదయగిరినుండి తెచ్చిన బాలకృష్ణ విగ్రహమునకు 1515లో రాజధానియందు కోవెల కట్టించెను. దాని యెదుట అంగళ్ల వరుసలతో విశాలమగు వీథి యేర్పడెను. విరూపాక్షుని యెదుటను, విఠ్ఠలుని యెదుటను ఇట్టి వీథులే కలవు. రథము సాగుటకు తగిన వెడలుపు, ఇరుప్రక్కల స్తంభముల మండపములు, వానిలో వర్తకులు - ఇది విజయనగరపు పద్ధతి. ఉత్సవదినములందు దేవుడు ఊరేగిన చోటనే తక్కిన దినములందు బేరములు సాగెడివి.

ఈ పద్ధతిని రాయలు కోవెల ముంగిటనుండి కొనిపోయి ఒక నూతన నగరమునకే విస్తరింపజేసెను. గోవానుండి గుఱ్ఱముల వర్తకులును, రాయబారులును వచ్చు పడమటి దారిలో నాగలాపురమను పట్టణమును నిర్మించెను. తల్లి పేరిట కట్టించెనని మనవారి వాడుక. రాణియందలి ప్రేమచే కట్టించెనని పోర్చుగీసు పథికుల వ్రాత. నేటి హోసపేట యదియే. హంపి యచటికి సుమారు 13 కిలోమీటర్ల దూరమున నున్నది.

1520 ప్రాంతమున వచ్చిన దొమింగో పేయిసు ఆ పట్టణమునుండి రాజధానికి పోవు వీథిని వర్ణించియున్నాడు. అది వీరులు గుఱ్ఱములపై క్రీడించు రంగమంత వెడలుపట. పొడవునను ఇరువైపుల ఇండ్లును, సకలవస్తువులు దొరకు అంగళ్లునట. బాటసారులకు నీడనిచ్చుటకై రాజాజ్ఞచే నాటిన చెట్లట. నడుమ నడుమ రాజును, సామంతులును కట్టించిన దేవాలయములట. రాజధానిలో నడుగిడక మున్నే పరదేశి రాజ్యవైభవమును చూడవలయునన్న తలంపు ఇందు స్పష్టము. ఐనను ఆ వైభవము తోరణములచే గాక నీడచేతను, సరకులచేతను తెలియవలయునని రాయలు తలచినట్లు మాకు తోచుచున్నది.

నీరు లేక పట్టణము నిలువదు గదా! రాయలు అచ్చట రెండు కొండల నడుమ గొప్ప చెఱువును తలపెట్టెను. పదునైదు ఇరువదివేలమంది పనిచేయుచుండ పేయిసు చూచెను. కట్ట రెండు మూడు మారులు తెగెను. గోవానుండి పిలిపించిన రాతిపనివాడు సున్నము సిద్ధపఱపుమని కోరగా రాయలు నవ్వెననియు, వట్టి బండలతో వేసిన కట్ట కూలెననియు నూనిజు వ్రాసెను. తుదకు దేవతలు రక్తము కోరుచున్నారని చెప్పినవారి మాట విని నరబలియు, పశుబలియు జరిపించిరని ఇరువురును వ్రాసియున్నారు. మహారాజు కీర్తిని పాడుచు దీనిని దాచుట మాకు సమ్మతము కాదు. ఎఱిగినవాని మాటకు నవ్వుటవలని కీడును దీనివలన గ్రహింపవలయును.

చెఱువు నిలిచిన పిమ్మట రాయలు చేసిన పని మిక్కిలి శ్లాఘనీయము. దాని క్రింది భూములను తొమ్మిదేండ్లు పన్ను లేకుండ రైతులకిచ్చెను. పిదప వానివలన 20,000 పరదావుల రాబడి కలిగెనని నూనిజు లెక్క. ప్రజ బాగుపడిన తరువాతనే రాజు పుచ్చుకొనవలయునను నీతి యిది. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమునందలి రాజనీతిలోను ఆయన రేవులను చక్కపఱచి, వర్తకులను ఆదరింపవలయునని చెప్పియున్నాడు. కవిగా చెప్పినదానిని రాజుగా వీథిలో చేసి చూపెను.

1524లో కుమారుడగు తిరుమలరాయల పేరిట ఆ దారిలోనే అనంతశయనస్వామికి ఆలయమును, పురమును నెలకొల్పెను. ఆ కుమారుడు అల్పాయుష్కుడయ్యెను. పుత్రశోకముచే క్రుంగిన రాయలు 1529లో పరమపదించెను.

1565లో రక్కసి తంగడి యుద్ధమున రాజ్యము విఱిగెను. తిరుమలరాయలు పెనుకొండకు తరలెను. (అది రాయలసీమలోనిది, మన పెనుగొండ కాదు.) రాజధాని కొల్లబోయెను, జనులు చెదరిరి. హంపి కోవెలల వీథులందు ఱాతికంబములు నేటికిని వరుసదీరియున్నవి. ప్రపంచ వారసత్వ స్థలముగా 1986లో ఎన్నికైన ఆ క్షేత్రమును దేశదేశములవారు వచ్చి చూచుచున్నారు. కాని కొనువాడును, అమ్మువాడును తొలగిన నాడే రాజవీథికి ప్రాణము పోయెను. కంబములు వీథిని నిలుపలేవు. దానిని నమ్మి బ్రదుకువారే నిలుపుదురు.

మన పోషకులు ఉదారులు. ఊరి వాకిట స్వాగతద్వారము నెత్తించి పేరు చెక్కించుట మంచిదే. ఐనను ఆ ద్వారము దాటినవానికి కూర్చుండ నీడయు, త్రాగ నీరును, న్యాయమగు తూకమును దొరకునా యని ముందు విచారింపవలయును. రాయల వీథినుండి మేము నేర్చిన పాఠమిది. దీనిని మీ సమ్ముఖమున నుంచి సెలవు గైకొనుచున్నాము.

స్వస్తి.