విడుదల తర్వాత ఏంటి? – దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథ

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు మనలో చాలామందికి ఒక బిట్ ప్రశ్నలాగే తెలుసు. రాజ్యాంగ సభ సభ్యురాలు, ఆంధ్ర మహిళా సభ వ్యవస్థాపకురాలు, పద్మవిభూషణ్. ఢిల్లీ మెట్రోలో ఒక స్టేషన్‌కి కూడా ఆవిడ పేరుంది. ఈ లిస్టులో సాధారణంగా కనిపించని విషయం ఒకటుంది: పాతికేళ్లు నిండకముందే ఆవిడ మూడుసార్లు జైలుకెళ్లొచ్చారు. తర్వాత చేసిన పనుల్లో చాలావాటికి బీజం అక్కడే పడింది.

1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేసేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లి వద్దని చెప్పి బయటికి వచ్చేశారు. ఇంగ్లిష్ మీడియం చదువు వద్దనుకుని బడి మానేసి, హిందీ నేర్చుకుని, తన ఈడు ఆడపిల్లలకి తానే నేర్పడం మొదలుపెట్టారు. 1921లో గాంధీగారు కాకినాడ వస్తున్నారని తెలిసి, దేవదాసీలూ పరదా చాటున ఉండే ముస్లిం స్త్రీలూ ఆయన్ని కలవాల్సిందేనని పట్టుబట్టారు. దానికి నిర్వాహకులు 5,000 రూపాయలు విరాళం అడిగితే, దేవదాసీల సాయంతోనే ఆ డబ్బు పోగుచేసి సభ జరిపించారు. అప్పటికి ఆవిడకి పన్నెండేళ్లు కూడా నిండలేదు. ఊరు దూరం పెట్టిన ఆడవాళ్ల వైపు నిలబడటం అలా చిన్నప్పుడే మొదలైంది.

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని అరెస్టయ్యారు. 1933 లోపు మూడుసార్లు శిక్ష పడింది. మదురై జైల్లో ఒంటరి గదిలో కూడా ఉంచారు. ఆరోగ్యం బాగా దెబ్బతింది. వెల్లూరు జైల్లో మాత్రం ఆవిడ్ని కదిలించింది తోటి ఖైదీల పరిస్థితి. అక్కడి మామూలు ఖైదీ ఆడవాళ్లలో చాలామందికి చదువు లేదు. కోర్టులో తమ తరఫున ఏం చెప్పుకోవాలో తెలీక శిక్ష వేయించుకున్నవాళ్లు ఉన్నారు. బయటికెళ్లాక లాయర్ అవ్వాలని ఆవిడ అక్కడే నిర్ణయించుకున్నారు.

ఇక్కడ ఒక తేడా చూడాలి. సత్యాగ్రహం చేసి జైలుకెళ్లినవాళ్లకి బయట గౌరవం ఉండేది. దొంగతనమో హత్యో చేసిందని ముద్రపడ్డ ఆడమనిషికి అది దొరకదు. పుట్టింటివాళ్లు రానివ్వరు, అత్తింటివాళ్లు రానివ్వరు, పని ఇచ్చేవాళ్లుండరు. ఒకే గేటులోంచి వచ్చినా ఇద్దరి దారులూ వేరు.

దుర్గాబాయికి కూడా గౌరవం ఉంది కానీ చేతిలో మెట్రిక్ సర్టిఫికెట్ లేదు. విడుదలయ్యాక పుస్తకాలు పట్టుకుని మళ్లీ మొదట్నుంచి చదివారు. బెనారస్ హిందూ యూనివర్సిటీ నుంచి మెట్రిక్, ఇంటర్ పాసయ్యారు. బీఏకి ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకి వెళ్తే అమ్మాయిలకి హాస్టల్ లేదన్నారు. ఆవిడ వెనక్కి తగ్గలేదు. చదవాలనుకునే అమ్మాయిల్ని కూడగట్టి హాస్టల్ ఏర్పాటు చేసుకున్నారు. తర్వాత మద్రాసులో లా చదివి, 1942 నాటికి అడ్వకేట్ అయ్యారు.

ఈలోగా 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. మొదట్లో అది పరీక్షలకి ప్రిపేర్ చేసే చిన్న క్లాసు లాంటిది. చదువు ఆగిపోయిన ఆడవాళ్లకి తను చదివిన పద్ధతిలోనే చదువు చెప్పారు. మెల్లగా చేతిపనులు, నర్సింగ్ శిక్షణ, ఆసుపత్రి, హాస్టళ్లు వచ్చాయి. ఉండటానికి చోటు, చదువు, చేతిలో ఒక పని: ఈ మూడూ ఒకచోట దొరికితే ఆడమనిషి మళ్లీ నిలబడగలదని ఆవిడ చేసి చూపించారు.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలయ్యారు. మరుసటి ఏడాదే ఆ మండలి రెండు కమిటీలు వేసింది. ఒకటి జైళ్లు, ఇతర సంస్థల నుంచి బయటికొచ్చేవాళ్ల సంగతి చూడటానికి, ప్రొఫెసర్ గోరే అధ్యక్షతన. రెండోది వ్యభిచారంలో చిక్కుకున్న స్త్రీల సమస్యపై, ధన్వంతి రామారావు అధ్యక్షతన. ఆ సిఫార్సుల మీద రెండో పంచవర్ష ప్రణాళిక కాలంలో రాష్ట్రాల్లో ఆఫ్టర్ కేర్ హోమ్‌లు వచ్చాయి. విడుదలయ్యాక మనిషి బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకి, ప్రభుత్వానిది కూడా అని దేశస్థాయిలో వచ్చిన తొలి జవాబుల్లో ఇదొకటి. 1958లో అదే మండలి కండెన్స్‌డ్ కోర్సులు పెట్టింది. మధ్యలో చదువు ఆగిపోయిన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్ష పాసై ఉద్యోగం తెచ్చుకోవడానికి. అంటే, 1933 తర్వాత తను ఒంటరిగా నడిచిన దారిని దేశానికి ఒక స్కీమ్‌గా మార్చారన్నమాట.

దుర్గాబాయి 1981 మే 9న చనిపోయారు. ఆవిడ పుట్టిన రాజమండ్రిలో ఇవాళ మహిళల కోసం ప్రత్యేక జైలు ఉంది. అక్కణ్ణుంచి బయటికొచ్చే ఆడమనిషికి కూడా కావాల్సింది చోటు, చదువు, పని. హోమ్ కట్టించడం ప్రభుత్వం చేయగలదు. పక్కింట్లో అద్దెకి దిగితే మామూలుగా పలకరించడం, అప్లికేషన్‌లో ఆ గ్యాప్ చూసి వెంటనే పక్కన పెట్టేయకపోవడం మాత్రం మనమే చేయాలి. రేపు ఆ అప్లికేషన్లు చదివేది, వాటిని ఫిల్టర్ చేసే ప్రోగ్రామ్ రాసేది మనలో ఎవరో ఒకరే కదా.