పొరుగుతో పోరు ఆపిన పొట్టి మంత్రి: ఆడం మాలిక్



సెలవుల్లో మీలో కొందరు పిల్లల్ని తీసుకుని సింగపూరో, బ్యాంకాకో, బాలీయో వెళ్ళొచ్చి ఉంటారు. వెళ్ళనివాళ్ళ ఇళ్ళకు కూడా ఆ ప్రాంతంతో సంబంధం ఉంది. మన దేశంలో వాడే పామాయిల్‌లో ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచే వస్తుంది. ఇప్పుడు ఆ దేశాల మధ్య విమానాలు, సరుకులు, టూరిస్టులు తిరుగుతున్న తీరు చూస్తే అవి ఎప్పుడూ ఇలాగే కలిసిమెలిసి ఉన్నాయనిపిస్తుంది. కానీ అరవై ఏళ్ళ క్రితం వాటి సరిహద్దు అడవుల్లో కాల్పులు జరిగాయి. సింగపూర్‌లో బాంబులు పేలాయి.

ఆ గొడవను ఆపి, ఆసియాన్ అనే కూటమికి పునాది వేసిన అయిదుగురిలో ఒకరు ఇండోనేషియా విదేశాంగ మంత్రి ఆడం మాలిక్. ఆసియాన్ ఎప్పుడు ఏర్పడిందని క్విజ్‌లో అడిగితే మన పిల్లలు 1967 ఆగస్టు 8 అని టక్కున చెప్పేస్తారు. ఆ తేదీ వెనక ఉన్న మనిషిని ఈ నెల మీకు పరిచయం చేస్తాను.

కొట్టు నుంచి వార్తా సంస్థకు

ఆడం మాలిక్ 1917 జూలై 22న ఉత్తర సుమత్రాలోని పెమతాంగ్ సియాంతార్ అనే ఊళ్ళో పుట్టారు. అప్పుడు ఇండోనేషియా డచ్ వాళ్ళ పాలనలో ఉంది. తండ్రి వ్యాపారి. ఆడం ఊళ్ళోని డచ్ ప్రాథమిక పాఠశాలలో చదివి, తర్వాత ఒక మత పాఠశాలలో చేరారు. అక్కడ ఏడాదిన్నర మాత్రమే ఉన్నారు. తిరిగొచ్చి తండ్రికి వ్యాపారంలో సాయంగా నిలబడ్డారు. ఆయన బడి చదువు అంతటితో సరి.

ఇది చదివి, చదువు లేకపోయినా గొప్పవాళ్ళు కావచ్చని ఇంట్లో ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోకండి. ఆయన బడి మానేశారు కానీ పుస్తకం మానలేదు. దొరికిందల్లా చదువుతూ, సినిమాలు చూస్తూ, మనుషులతో మాట్లాడుతూ నేర్చుకున్నారు. టీనేజ్‌లోనే స్వాతంత్ర్య ఉద్యమంలో దిగి జైలుకు కూడా వెళ్ళారు.

ఇరవై ఏళ్ళ వయసులో జకార్తా చేరి, 1937 డిసెంబరు 13న ముగ్గురు మిత్రులతో కలిసి అంతారా అనే వార్తా సంస్థను మొదలుపెట్టారు. ఒక పాత బల్ల, ఒక పాత టైప్‌రైటర్, ఒక పాత సైక్లోస్టైల్ మిషన్, అంతే పెట్టుబడి. ఆ అంతారా ఇప్పటికీ ఇండోనేషియా జాతీయ వార్తా సంస్థ. 1945 ఆగస్టులో వెంటనే స్వాతంత్ర్యం ప్రకటించమని సుకర్ణోను ఒత్తిడి చేసిన యువకుల్లో కూడా మాలిక్ ఉన్నారు.

ఆయన పొట్టిగా, చురుగ్గా ఉండేవారు. జనం ముద్దుగా కంచిల్ అని పిలిచేవారు. కంచిల్ అంటే ఆ అడవుల్లో తిరిగే కుందేలంత బుల్లి జింక. మన పంచతంత్రంలో సింహాన్ని బావి దగ్గరికి తీసుకెళ్ళిన కుందేలు ఎలాగో, వాళ్ళ జానపద కథల్లో పులినీ మొసలినీ తెలివితో ఓడించే కంచిల్ అలాగ.

మూడేళ్ళ వైరం

1963లో మలేషియా ఏర్పడింది. సింగపూర్ అప్పట్లో అందులో భాగం. ఇండోనేషియా అధ్యక్షుడు సుకర్ణోకు ఈ కొత్త దేశం నచ్చలేదు. ఇది బ్రిటిష్ వాళ్ళు ఆడిస్తున్న ఆట అని ఆయన నమ్మకం. బోర్నియో అడవుల్లోకి సైనికుల్ని పంపారు. 1965 మార్చిలో సింగపూర్‌లోని మెక్‌డొనాల్డ్ హౌస్ అనే భవనంలో ఇండోనేషియా మనుషులు పెట్టిన బాంబుకు ముగ్గురు చనిపోయారు.

తుపాకీ కంటే నిశ్శబ్దంగా దెబ్బ తీసింది ఇంకొకటి ఉంది. 1963 సెప్టెంబరులో ఇండోనేషియా ఆ రెండు చోట్లతోనూ వ్యాపారం తెంచుకుంది. అంతవరకూ సుమత్రా రబ్బరు సింగపూర్ రేవు మీదుగా ప్రపంచ మార్కెట్‌కు వెళ్ళేది. ఆ దారి మూసుకుపోతే ఇటు రబ్బరు రైతుకూ దెబ్బే, అటు రేవు కూలీకీ దెబ్బే. సరిగ్గా ఆ రోజుల్లోనే మాలిక్ వాణిజ్య మంత్రి అయ్యారు. 1966లో ఇండోనేషియాలో ద్రవ్యోల్బణం 600 శాతం దాటింది. 10 రూపాయల వస్తువు ఏడాది తిరిగేసరికి 70 రూపాయలు దాటితే మన ఇంటి బడ్జెట్ ఏమవుతుందో మీరే లెక్క వేసుకోండి.

ఈలోగా జకార్తాలో అధికారం చేతులు మారింది. 1965 చివర్లో మొదలైన హింసలో కమ్యూనిస్టులన్న ముద్రతో కనీసం అయిదు లక్షల మందిని చంపేశారని చరిత్రకారుల అంచనా. ఆ రక్తపాతం మధ్య సైన్యాధికారి సుహార్తో పైకొచ్చారు. 1966 మార్చిలో మాలిక్ ఆయన పక్షాన విదేశాంగ మంత్రి అయ్యారు. ఆయన జీవితం గురించి చెప్పేటప్పుడు ఈ నేపథ్యాన్ని దాచకూడదు.

గోల్ఫ్, భోజనం, ఒప్పందం

మాలిక్ ముందు పెట్టుకున్న పని పొరుగువాళ్ళతో రాజీ. 1966 మే చివర్లో బ్యాంకాక్‌లో మలేషియా ఉప ప్రధాని అబ్దుల్ రజాక్‌తో కూర్చున్నారు. ఆగస్టు 11న జకార్తాలో ఇద్దరూ సంతకాలు చేశారు. మూడేళ్ళ వైరం ముగిసింది. 1965లో ఐక్యరాజ్యసమితి నుంచి బయటికి వచ్చేసిన ఇండోనేషియా ఆ సెప్టెంబరులోనే మళ్ళీ అందులో చేరింది.

ఆ రాజీకి సాయపడిన థాయ్‌లాండ్ విదేశాంగ మంత్రి థనాత్ ఖోమన్ ఇంకో ఆలోచన చెప్పారు. ఇరుగుపొరుగు దేశాలన్నీ కలిసి ఒక కూటమి పెట్టుకుంటే ఎలా ఉంటుందని. మాలిక్ వెంటనే ఒప్పుకున్నారు. 1967 ఆగస్టులో ఇండోనేషియా, మలేషియా, సింగపూర్, ఫిలిప్పీన్స్, థాయ్‌లాండ్ నాయకులు బ్యాంకాక్‌కు దగ్గర్లోని బాంగ్ సేన్ అనే సముద్రతీరంలో నాలుగు రోజులు గడిపారు. కోటు, టై పక్కన పెట్టి, పొద్దున గోల్ఫ్ ఆడుతూ, కలిసి భోంచేస్తూ మాట్లాడుకున్నారు. వాళ్ళ మధ్య గొడవలు తక్కువేం కాదు. సబా ప్రాంతం తమదని ఫిలిప్పీన్స్ మలేషియాతో పోట్లాడుతోంది. సింగపూర్ మలేషియా నుంచి విడిపోయి రెండేళ్ళే అయింది. అయినా ఆగస్టు 8న బ్యాంకాక్‌లో అయిదు అంశాల చిన్న పత్రం మీద అయిదుగురూ సంతకం చేశారు. పేర్లు పెట్టడంలో దిట్ట అయిన మాలిక్ సూచించిన పేరే ఆసియాన్.

పరీక్ష ఏడాది తిరిగేసరికే ఎదురైంది. మెక్‌డొనాల్డ్ హౌస్ బాంబు కేసులో ఇద్దరు ఇండోనేషియా సైనికుల్ని 1968 అక్టోబరులో సింగపూర్ ఉరితీసింది. క్షమాభిక్ష పెట్టమని ఇండోనేషియా కోరినా వినలేదు. జకార్తాలో జనం సింగపూర్ రాయబార కార్యాలయం మీద పడి ధ్వంసం చేశారు. అయినా రెండు దేశాలూ కూటమిని వదల్లేదు. 1973లో సింగపూర్ ప్రధాని లీ క్వాన్ యూ జకార్తా వచ్చి, ఆ ఇద్దరు సైనికుల సమాధుల మీద స్వయంగా పూలు చల్లారు. ఒక బల్ల చుట్టూ కూర్చోవడం అలవాటైతే, కోపం వచ్చినప్పుడు లేచి వెళ్ళిపోవడం అంత తేలిక కాదు.

వ్యాపారం మాత్రం నెమ్మదిగా కలిసింది. కారణం సులువే. అప్పట్లో ఆ దేశాల్లో చాలావరకు రబ్బరు, తగరం, కలప లాంటి ఒకే రకం సరుకులు పండించి, దూరదేశాలకు అమ్ముకునేవి. ఒకరి దగ్గర ఒకరు కొనుక్కోవడానికి పెద్దగా ఏమీ లేదు. 1976లో బాలీలో మొదటి శిఖరాగ్ర సమావేశం జరిగింది. కూటమి సచివాలయం జకార్తాలో పెట్టారు. 1977లో కొన్ని వస్తువుల మీద సుంకాలు తగ్గించుకున్నారు. 1979లో కరువు వస్తే ఒకరికొకరు ఆదుకోవడానికి 50,000 టన్నుల బియ్యం నిల్వ ఉంచాలని ఒప్పుకున్నారు. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు పడింది 1992లో. అంటే మొదటి సంతకం నుంచి పాతికేళ్ళు. అప్పటికి మాలిక్ లేరు.

నిలబడని మాట

మాలిక్ 1971లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభకు అధ్యక్షత వహించారు. కమ్యూనిస్టు చైనాకు ఆ సభలో చోటు దక్కింది ఆయన అధ్యక్షతలోనే. తర్వాత 1978 నుంచి 1983 వరకు ఇండోనేషియా ఉపాధ్యక్షుడిగా పనిచేశారు. 1984 సెప్టెంబరు 5న బాండుంగ్‌లో కన్నుమూశారు.

ఈ మంచి మాటలతో ఆపేస్తే కథ సగమే చెప్పినట్టు. ఇండోనేషియాను ఆనుకుని తూర్పు తైమూర్ అనే చిన్న ప్రాంతం ఉంది. అప్పట్లో అది పోర్చుగల్ వలస. 1974 జూన్‌లో అక్కడి యువ నాయకుడు జోసె రామోస్ హోర్తాకు మాలిక్ ఉత్తరం రాశారు. స్వాతంత్ర్యం ప్రతి జాతి హక్కనీ, తూర్పు తైమూర్‌కీ అది వర్తిస్తుందనీ అందులో హామీ ఇచ్చారు. ఏడాదిన్నర తిరక్కుండానే, 1975 డిసెంబరు 7న, ఇండోనేషియా సైన్యం అక్కడ దిగింది. అప్పుడు విదేశాంగ మంత్రి మాలికే. ఆ ఆక్రమణ 1999 వరకు సాగింది. కాల్పుల్లో, ఆకలితో, రోగాలతో లక్ష మందికి పైగా చనిపోయారు. మిగతా ఆసియాన్ దేశాలు కూడా పొరుగువాడితో చెడకూడదనే లెక్కతో చాలావరకు చూస్తూ ఊరుకున్నాయి. కలిసి ఉండటం కోసం చెప్పాల్సిన మాట చెప్పకపోతే ఆ ఖరీదు ఎవరో బలహీనుడు కట్టాల్సి వస్తుంది.

తూర్పు తైమూర్ 2002లో స్వతంత్ర దేశమైంది. 2025 అక్టోబరు 26న కౌలాలంపూర్‌లో ఆసియాన్‌లో 11వ సభ్యదేశంగా చేరింది. అప్పటికి ఆ దేశ అధ్యక్షుడు ఎవరో తెలుసా? మాలిక్ ఉత్తరం అందుకున్న ఆ రామోస్ హోర్తాయే. ఇచ్చిన మాట యాభై ఏళ్ళు ఆలస్యంగా, మాట ఇచ్చిన మనిషి పోయిన చాలాకాలానికి, ఆయన పేరు పెట్టిన కూటమిలోనే ఇలా ఒక కొలిక్కి వచ్చింది.

ఈ వారం భోజనాల దగ్గర పిల్లల ముందు అట్లాసు తెరిచి ఆ 11 దేశాల్నీ వెతకమనండి. తర్వాత రెండు ప్రశ్నలు అడగండి. దెబ్బలాడినవాళ్ళతో మళ్ళీ మాట్లాడటం ఎవరు మొదలుపెట్టాలి? స్నేహితుడు తప్పు చేస్తున్నప్పుడు స్నేహం పోతుందని మనం నోరు మూసుకోవచ్చా? వీటికి మార్కులు లేవు, కీ పేపరూ లేదు. వాళ్ళు చెప్పేది మాత్రం మధ్యలో ఆపకుండా పూర్తిగా వినండి.