సొత్తుగా పుట్టి స్వామినియైన బిడ్డీ మేసన్

పందొమ్మిదవ శతాబ్దమున స్థలములు కొని, భవనములు కట్టించి, వాని అద్దెలతో ధనికురాలైన స్త్రీ ఏ దేశమందైనను అరుదు. అట్టివారిలో అమెరికా దేశమందలి లాస్ ఏంజెలెస్ నగరవాసిని బిడ్డీ మేసన్ చరిత్ర మిగుల విలక్షణమైనది. భూమికి యజమానురాలగుటకు పూర్వము ఆమెయే పరుల సొత్తుగా నుండెను.

1818వ సంవత్సరమున అమెరికా దక్షిణ ప్రాంతమున ఆమె బానిసగా జన్మించెను. చదువునకు నోచుకొనకపోయినను మంత్రసానితనమును, మూలికావైద్యమును నేర్చెను. 1848లో ఆమె యజమాని రాబర్టు స్మిత్ మిసిసిపీ విడిచి పడమటికి తరలెను. బండ్ల వెనుక పశువులను తోలుకొనుచు, ముగ్గురు కుమార్తెలను సాకుకొనుచు, ఆమె యూటా వరకు నడచెను. 1851లో వారు కాలిఫోర్నియా చేరిరి. అచ్చటి రాజ్యాంగము బానిసత్వమును నిషేధించెను. అయినను స్మిత్ ఆమెను విడువలేదు.

1855లో అతడు బానిసత్వము చట్టసమ్మతమైన టెక్సాస్‌కు వారిని కొనిపోవ నుద్యమించెను. ఆమె ఇష్టపడియే వచ్చుచున్నదని అతని వాదము. స్వతంత్రులైన నల్లజాతి మిత్రుల పూనికచే వ్యవహారము న్యాయస్థానమున కెక్కెను. తెల్లవానికి ప్రతికూలముగా నల్లవారి సాక్ష్యము నాటి చట్టము ప్రకారము చెల్లదు. న్యాయాధిపతి బెంజమిన్ హేస్ ఆమెను తన గదికి పిలిపించి, ఆమె మనోగతమును స్వయముగా తెలిసికొనెను. 1856 జనవరిలో ఆమెకును, మఱి పదుముగ్గురికిని స్వేచ్ఛ లభించెను.

పిమ్మట ఆమె డాక్టరు జాన్ గ్రిఫిన్ వద్ద దినమునకు రెండున్నర డాలర్ల వేతనముపై దాదిగా పనిచేసెను. పదేండ్లు కూడబెట్టి, 1866లో స్ప్రింగ్ వీధిలో 250 డాలర్లకు స్థలము కొనెను. నాడది ఊరి వెలుపలి భూమి. తొందరపడి అమ్ముకొనక, నగరము తన వద్దకు వచ్చువరకు ఓపిక పట్టెను. 1884లో కొంత భాగమును 1,500 డాలర్లకు విక్రయించి, మిగిలినదానిలో రెండంతస్తుల ఇటుక కట్టడము నిర్మించెను. క్రింది భాగమును వ్యాపారులకు అద్దెకిచ్చి, తాను మేడపై నివసించెను. ఇన్ని క్రయవిక్రయములు నడపిన ఆమెకు దస్తావేజులపై చేవ్రాలు చేయుట రాదు. గుర్తు మాత్రమే వేసెడిది.

ఆర్జించినదానిని ఆమె దాచుకొనలేదు. 1872లో నల్లజాతివారి మొదటి మెథడిస్టు చర్చి ఆమె యింటనే ఆరంభమయ్యెను. చెరసాలలోని ఖైదీలను దర్శించి ఆహారమిచ్చెను. వరదలలో నిలువనీడ లేనివారికి, జాతిభేదము పాటింపక, దుకాణమున తన లెక్కలో సరకులిప్పించెను.

1891 జనవరి 15న ఆమె పరమపదించెను. ఆమె సమాధికి 1988 వరకు శిలాఫలకమైనను లేదు. 1989లో ఆమె భూమి యున్న చోటనే స్మారకోద్యానము వెలసెను. తనకొక మూల్యము కట్టిన సమాజముననే భూమికి మూల్యము కట్ట నేర్చి, తన సంతతికి స్థిరాస్తిని, తన నగరమునకు చెరగని మేలును మిగిల్చిన ధీరురాలామె.