ఉద్యోగం పోయింది.. పని ఆగలేదు!

అప్లికేషన్ రిజెక్ట్ అయిందా? ఫైనల్ రౌండ్ దాకా వెళ్లి వెనక్కి వచ్చారా? అయితే రుడాల్ఫ్ విర్కో గురించి తెలుసుకోండి. కొత్త కణాలు పాత కణాల నుంచే పుడతాయన్న పాఠంలో ఈయన పేరు మీరు చదివే ఉంటారు.

1821లో ప్రష్యాలోని ఓ చిన్న ఊళ్లో రైతు ఇంట పుట్టాడు. సైన్యానికి వైద్యులను తయారుచేసే బెర్లిన్ సంస్థలో ఉచిత సీటు రావడంతో డాక్టరయ్యాడు. షారిటే ఆసుపత్రిలో కొలువు దొరికింది. సిరలకు వచ్చే వాపే జబ్బులన్నిటికీ మూలమని అప్పటి పెద్దల నమ్మకం. దాన్ని పరిశీలించే పని ఈ కుర్రాడి మీద పడింది. సిరల్లో గడ్డకట్టిన రక్తం ముక్కలై ఊపిరితిత్తుల దాకా కొట్టుకుపోతుందని ప్రయోగాలు చేసి చూపించాడు. ఓ పత్రిక ఆయన వ్యాసాన్ని తిప్పి పంపింది. ఏం చేశాడనుకుంటున్నారు? 1847లో మిత్రుడితో కలిసి సొంత పత్రికే పెట్టేశాడు! అది ఇప్పటికీ వస్తోంది.

1848లో సైలీసియాలో టైఫస్ ప్రబలింది. ప్రభుత్వం పంపితే వెళ్లి చూసి, పేదరికమే అసలు కారణమని రిపోర్టు రాశాడు. ఆ ఏడాది విప్లవంలోనూ పాల్గొన్నాడు. 1849లో సస్పెండ్ చేశారు. బెర్లిన్ వదిలి వుర్జ్‌బర్గ్ యూనివర్సిటీకి వెళ్లాడు. రాజధాని పోయినా మైక్రోస్కోప్ వదల్లేదు. మెదడులోని సన్నని రక్తనాళాల చుట్టూ ఉండే ఖాళీలను 1851లో వర్ణించాడు.

ఇప్పుడు ఎంఆర్‌ఐలో ఆ ఖాళీలు వెడల్పుగా కనిపిస్తే, పక్షవాతానికి, మతిమరుపుకు దారితీసే చిన్న రక్తనాళాల జబ్బుకు ఒక గుర్తుగా చూస్తున్నారు. చాలాకాలం ఈ జబ్బులో ధమనుల మీదే దృష్టి ఉండేది. మెదడులోని చిన్న సిరల గోడలు మందమైతే ఏమవుతుందన్న పరిశోధన ఇప్పుడు ఊపందుకుంది. న్యూరోసైన్స్, ఇమేజింగ్ చదివేవాళ్లకు ఇక్కడ చేయాల్సిన పని చాలానే ఉంది.

1856లో బెర్లిన్ మళ్లీ పిలిచింది. కొత్త పరిశోధన సంస్థ కట్టిస్తేనే వస్తానన్నాడు. కట్టించారు! 1902లో కన్నుమూసే దాకా అక్కడే పనిచేశాడు.

కొలువు ఇచ్చేది, తీసేసేది వేరేవాళ్లు. మీ సబ్జెక్టులో మిమ్మల్ని వదలని ప్రశ్న మాత్రం మీదే. ఈసారి ఇంటర్వ్యూకి వెళ్లే ముందు అదేంటో తేల్చుకోండి.