ఆరు చుక్కల బ్రెయిలీ


లూయీ బ్రెయిలీ 1809లో పారిస్ దగ్గర కూవ్రే గ్రామంలో జన్మించారు. మూడేళ్ళ వయసులో, తండ్రి తోలు కుట్టే ఆరె కంటికి గుచ్చుకుంది. ఐదేళ్ళకల్లా రెండు కళ్ళూ పోయాయి. పారిస్ అంధుల పాఠశాలలో చదువుతూ, 15 ఏళ్ళకే వేలితో చదివే ఆరు చుక్కల లిపిని రూపొందించారు. తర్వాత వచ్చిన డైరెక్టర్ నిషేధించినా, పిల్లలు చాటుగా రాసుకున్నారు. 1852లో ఆయన మరణించిన రెండేళ్ళకు ఫ్రాన్స్ దాన్ని ఆమోదించింది. మన తెలుగు బ్రెయిలీకీ అవే చుక్కలు.

ఇప్పుడు ఈ-బుక్‌ను స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. కాపీ కాకుండా వేసే డిజిటల్ తాళం ఒక్కోసారి ఆ గొంతునూ ఆపేస్తుంది. 2012లో సవరించిన మన కాపీరైట్ చట్టం, చూపులేనివారికి అనువైన ప్రతి తయారుచేయడాన్ని అనుమతిస్తుంది; తాళానికి ఆ సంగతి తెలియదు. ఈ-బుక్ కొనేముందు, అది చదివి వినిపిస్తుందో లేదో చూడండి. చూపులేని బిడ్డకూ అదే పాఠం అందాలి.