నవ్వించిన మహనీయుడు: చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు

నవ్వు నాలుగు విధముల చేటని మన పెద్దలందురు. నవ్వనివాడు రోగియని నేటి వైద్యులందురు. ఈ రెండు మాటలును సత్యములే. మనసార నవ్వినపుడు ఊపిరితిత్తులు నిండుగా గాలిని గ్రహించును. బిగిసిన కండరములు సడలును. నొప్పిని సహించుటకు తోడ్పడు ఎండార్ఫినులను పదార్థములు మెదడునందు వెలువడునని శాస్త్రజ్ఞులు తెలిపియున్నారు. ఒంటరిగా నున్నప్పటి కంటె నలుగురిలో నున్నపుడు మనుజుడు సుమారు 30 రెట్లు అధికముగా నవ్వునని అమెరికా దేశీయుడగు రాబర్ట్ ప్రొవైన్ పండితుడు కనుగొనెను. కావున నవ్వు సంఘమునందు పుట్టి సంఘమును కలుపు గుణమని చెప్పవచ్చును. అయితే పడినవానిని జూచి నవ్వు నవ్వొకటి. పడినవానికి చేయందించుచు నవ్వు నవ్వొకటి. పెద్దలు చేటనినది మొదటిదానినే. రెండవదానిని తన జీవితమంతయు ఆంధ్రులకు పంచిపెట్టిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి చరిత్రమును మా విద్యార్థులకు సంగ్రహముగా తెలుపుచున్నాము.

లక్ష్మీనరసింహముగారు 1867వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన గోదావరి మండలమందలి ఖండవల్లి గ్రామమున జన్మించిరి. తండ్రి వెంకన్నగారు, తల్లి రత్నమ్మగారు. బాల్యము నుండియు ఆయనకు రేచీకటి యుండెను. ప్రొద్దు గ్రుంకినంతనే లోకమంతయు ఆయన కన్నులకు మూసికొనిపోయెడిది. తోడి బాలురు దీపము చెంత పుస్తకము పట్టుకొను వేళ ఈయన పరులు చదువగా విని నేర్చుకొనవలసి వచ్చెను. ఇట్టి బాలుడు నిరాశచేత క్రుంగిపోయినను ఎవరును తప్పు పట్టజాలరు. ఆయన మాత్రము విన్నదానిని మరువని ధారణను అలవరచుకొనిరి. వయస్సు పెరిగినకొలది చూపు తరిగి, కడకు పూర్తిగా పోయెను. హాస్యము మాత్రము తరుగలేదు.

విద్య ముగిసిన పిదప ఆయన రాజమహేంద్రవరమున ఉపాధ్యాయవృత్తి నవలంబించి, నాటకరచనకు పూనుకొనిరి. 1889లో కీచకవధ ప్రదర్శింపబడెను. ఆ కాలముననే రచించిన గయోపాఖ్యానము తెలుగు దేశమునందంతటను ప్రసిద్ధి కెక్కి, లక్ష ప్రతులకు పైగా అమ్ముడుపోయెను. తరువాతి కాలమున ఆంధ్రకేసరి యనిపించుకొన్న టంగుటూరి ప్రకాశము పంతులుగారును యౌవనారంభమున ఆ నాటకమునందు వేషము ధరించిరి. 1894లో చింతామణి పత్రిక జరిపిన నవలల పోటీలో రామచంద్రవిజయము బహుమానము పొందెను. నవలలచేత ఆయన ఆంధ్రా స్కాట్ అని, అంధులయ్యును కవిత్వము చెప్పుటచేత ఆంధ్రా మిల్టన్ అని వాసి గాంచిరి.

ఆంధ్రదేశమున హాస్యమును సంఘసేవకు వినియోగించిన వారిలో అగ్రగణ్యులు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. 1876లోనే వారు హాస్యసంజీవని యను పత్రికను నడిపిరి. చిలకమర్తివారు ఆ బాటనే నడచి అనేక ప్రహసనములు రచించిరి. పంతులుగారి హాస్యము శస్త్రవైద్యుని కత్తివంటిది. చిలకమర్తివారి హాస్యము ఇంటిలోని పెద్దమ్మ యిచ్చు కషాయమువంటిది. రెండును రోగమును కుదుర్చునవియే. రెండవది మ్రింగుటకు సుకరము.

ఆయన హాస్యమునకు శిఖరము 1920లో వెలువడిన గణపతి నవల. పేద బ్రాహ్మణ కుటుంబమొకదానిలోని మూడు తరముల కథ యిది. గణపతి సోమరి, మూర్ఖుడు, డంబములు పలుకువాడు. చదువు రానివాడే బడి పెట్టి పిల్లలకు చదువు చెప్పబూనుట చూచి పాఠకుడు కడుపుబ్బ నవ్వును. నవ్వి నవ్వి పుస్తకము మూసిన పిమ్మట, ఈ మూర్ఖత్వమునకు వెనుక నున్న దారిద్ర్యమును, అవిద్యయును కనబడి మనస్సు ఆర్ద్రమగును. గ్రంథకర్త గణపతిని గేలి చేసి విడిచిపెట్టలేదు. మనకు వానిపై జాలి పుట్టునట్లు చేసెను.

బలవంతుల యెదుట ఆయన చమత్కారమునకు జంకులేదు. 1907లో బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరమునకు వచ్చి ఉపన్యసించినపుడు, చిలకమర్తివారు ఆ ఉపన్యాసములను తెనిగించి, భారతదేశమును పాడియావుతోను, తెల్లదొరలను లేగల మూతులు బిగించి పాలు పిండుకొను గొల్లలతోను పోల్చి యొక పద్యము చెప్పిరి. అది ఊరూర జనుల నోట నానెను. నవ్వు పుట్టించిన యుపమానము దాస్యమును బోధపరచెను.

ఇంతటితో తృప్తి చెందక, 1909లో ఆయన రాజమహేంద్రవరమున అస్పృశ్యులని వెలివేయబడిన వారి బిడ్డలకై రామమోహన పాఠశాలను స్థాపించిరి. ఆ బిడ్డలను బడి గడప త్రొక్కనీయని దినములవి. సంఘము ఎవరిని చూచి యెగతాళి చేయుచుండెనో వారికే ఆయన అక్షరములు చెప్పించిరి. 1943లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనకు కళాప్రపూర్ణ బిరుదము నొసగెను. చూపు లేకున్నను, ఒక జీవితకాలపు సంగతులను జ్ఞాపకమునుండి చెప్పి వ్రాయించి, స్వీయచరిత్రమును లోకమునకిచ్చి, 1946 జూన్ 17వ తేదీన పరమపదించిరి.

ఈ చరిత్రము మన కోకాపేటలోని బాలబాలికలకు మిక్కిలి అవసరమని మేము తలంచుచున్నాము. గండిపేట చెఱువు సమీపమున చిన్న పల్లెగా నుండిన యీ గ్రామమున, 2023 ఆగష్టు వేలములో ఎకరము భూమి నూరు కోట్ల రూపాయలను మించి పలికెను. మేఘములను తాకు మేడలలో నివసించువారి బిడ్డలును, ఆ మేడలను కట్టుటకు దూరదేశములనుండి వచ్చిన కూలీల బిడ్డలును ఈ ప్రాంతమున నున్నారు. కూలి బిడ్డ తెలుగు మాటను తప్పుగా పలికినపుడు తరగతి యంతయు నవ్విన యెడల, ఆ బిడ్డ మఱునాడు నోరు విప్పడు. ఇట్టివారిని మేము చూచియున్నాము. ఆ నవ్వు ఒక బిడ్డ చదువును హరించును. అదియే నాలుగు విధముల చేటు.

పని యొత్తిడిచేత అలసిన పెద్దలు నేడు నగరములలోని తోటలలో గుమిగూడి నవ్వును అభ్యసించుచున్నారు. 1995లో బొంబాయిలో మదన్ కటారియా యను వైద్యుడు అయిదుగురితో ఆరంభించిన నవ్వుల సంఘము నేడు అనేక దేశములకు వ్యాపించినది. పిల్లలారా! మీకు అట్టి సంఘము వేఱుగా నక్కరలేదు. భోజనవేళ కూర్చుండు బల్లయే మీ సంఘము. అక్కడ ఒంటరిగా కూర్చున్నవానిని పిలిచి, నవ్వులో పాలు పంచుడు. ఇతరుల లోపమును విడిచి మీ పొరపాట్లను తలచుకొని నవ్వుట నేర్చుకొనుడు. చిలకమర్తివారు చీకటిలో కూర్చుండి లోకమును నవ్వించిరి. వెలుగులో నున్న మనము ప్రక్కవానినైనను నవ్వింపలేమా?