దిఙ్నాగాచార్యుడు

కాంచీపుర సమీపమున సింహవక్త్రమను చోట ఒక బ్రాహ్మణ కుటుంబమున దిఙ్నాగుడు జన్మించెనని టిబెట్టు చరిత్రకారులు వ్రాసియున్నారు. కాలము సుమారు క్రీ.శ. 480–540. ఆయన వాత్సీపుత్రీయ శాఖకు చెందిన నాగదత్తుని కడ బౌద్ధదీక్ష గైకొనెను. పుద్గలుడను ఒకడు కలడనియు, అతడు దేహాదులకంటె వేరనిగాని కాదనిగాని చెప్పరాదనియు ఆ శాఖవారి మతము. శిష్యుడు ఆ పుద్గలుని వెదకసాగెను. పగలు కిటికీలన్నియు తెరచి, రాత్రి నలుదిక్కుల దీపములు నిలిపి, వస్త్రములు విడచి ఒడలంతయు పరికించి, ఎచ్చటను కానరాలేదని విన్నవించెను. గురువు దీనిని పరిహాసముగ నెంచి, అతనిని పంపివేసెను. కథ ఎంతవరకు నిజమో గాని ఆ మనిషికి చక్కగా అమరినది. పిమ్మట ఆయన వసుబంధుని ఆశ్రయించెను.

ఆనాడు వాదము కాలక్షేపము కాదు. ఓడినవాడు గెలిచినవాని మతమును స్వీకరింపవలసియుండెను. ఓఢ్రదేశమున ఒక గుహలో దిఙ్నాగుడు ప్రమాణసముచ్చయపు తొలి శ్లోకమును రాతిపై వ్రాసి భిక్షకు పోగా, కృష్ణమునిరాజను బ్రాహ్మణుడు దానిని రెండుమారులు చెరిపివేసెనట. మూడవమారు దిఙ్నాగుడు, వేడుకకు చెరిపినచో మానుమనియు, భేదాభిప్రాయమున్నచో ఎదుటికి వచ్చి వాదింపుమనియు వ్రాసి ఉంచెను. అతడు వచ్చి ముమ్మారు ఓడెను. అయినను మతము మార్చుకొనక, నోట అగ్ని కురిపించి ఆచార్యుని వస్తువులను దగ్ధము చేసెనట. దిఙ్నాగుడు నిరాశచెంది లోకహిత సంకల్పమునే విడువబోగా, మంజుశ్రీ ప్రత్యక్షమై వారించెనని కథ.

గెలిచియు గెలువలేకపోయిన అట్టి వాదములకు ఆయన వెదకిన మందు హేతుచక్రము. కొండపై నిప్పు కలదు, పొగ యున్నది గనుక, వంటయింటివలె అని నైయాయికులు చెప్పుచుండిరి. ఒక వంటయిల్లు చూపినంతనే కొండపై నిప్పు సిద్ధించునా? దిఙ్నాగుడు సాధ్యము గల తావులను సపక్షమనియు, లేని తావులను విపక్షమనియు విడదీసి చూచెను. హేతువు సపక్షమున అంతటను ఉండవచ్చును, కొంత ఉండవచ్చును, అసలే లేకపోవచ్చును. విపక్షమునను అట్లే. మూడు మూళ్లు తొమ్మిది. సపక్షమున అంతటగాని కొంతగాని ఉండి, విపక్షమున ఎచ్చటను లేని రెండే నిలుచును. కాగిన ఇనుపగుండులో నిప్పున్నను పొగ లేదు. దోషము లేదు, చెరువున పొగ లేకున్న చాలును. తిరుగవేసి, నిప్పున్నది గనుక పొగ కలదనువాడు ఆ ఇనుపగుండు కడనే పట్టుబడును. సపక్షమున లేక విపక్షమున నుండు రెండును విరుద్ధములు. మిగిలిన ఐదును అనిశ్చితములు. చెవికి వినబడును గనుక శబ్దము నిత్యమనుట ఈ కోవలోనిదే. వినబడుట శబ్దమున తప్ప వేరెచ్చటను లేదు గదా. ఈ చక్రమునకు మతము లేదు. బౌద్ధుని తప్పును, బ్రాహ్మణుని తప్పును ఒకే తీరున పట్టియిచ్చును.

ఏడవ శతాబ్దమున ఆంధ్రదేశమునకు వచ్చిన హ్యూయన్‌త్సాంగ్, వేంగీ రాజధానికి నైరుతి దిక్కున రాతిస్తూపము గల కొండను పేర్కొని, దిఙ్నాగుడు అచ్చటనే తర్కగ్రంథము రచించెనని తెలిపెను. దిఙ్నాగుని ఖండించుటకే ఉద్యోతకరుడు న్యాయవార్తికమును వ్రాసెను. మేఘదూతమున కాళిదాసు ఈయనను శ్లేషతో ఎత్తిపొడిచెనని మన కొలచాల మల్లినాథసూరి వ్యాఖ్యానించెను. అది వ్యాఖ్యాత చమత్కారమే కావచ్చును.

ప్రమాణసముచ్చయపు సంస్కృతమూలము మనదేశమున నశించెను. టిబెట్టు అనువాదములే మిగిలినవి. వానినుండి ప్రథమ పరిచ్ఛేదమును 1930లో మైసూరున రంగస్వామి అయ్యంగారు సంస్కృతమునకు మరల్చిరి. జినేంద్రబుద్ధి వ్యాఖ్యలోని ప్రథమ పరిచ్ఛేదము 2005లో సంస్కృతముననే ముద్రితమైనది. దానినుండి దిఙ్నాగుని సొంత పదములు కొన్ని మరల లభించినవి.